లోహము తనకు తాను పూసికొను కళాయి

(సాంస్కృతిక సంఘ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఒకటి రెండు తరముల క్రిందటి వరకు తెలుగు వీధులలో కళాయివాని కేక వినబడుచుండెడిది. ఇంటింటి నుండి ఇత్తడి గిన్నెలు, రాగి పాత్రలు వచ్చి అతని ముందు గుట్టగా పడెడివి. అతడు నేలలో చిన్న గుంట త్రవ్వి, తోలుతిత్తి అమర్చి, బొగ్గులు రగిల్చి, గిన్నె బాగుగా కాగిన పిమ్మట నవాసాగరము చల్లి, తగరపు కడ్డీని ఒక్కమారు రాచి, దూదితో లోపలి భాగమంతయు చరచర తుడిచెడివాడు. చూచుచుండగనే నల్లని గిన్నె వెండివలె మెరసెడిది. పిల్లలకు అది గారడీ. ఇల్లాలికి మాత్రము అది అవసరము. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచినచో పులుసు చిలుమెక్కి చెడుననునది ఆమె యెరుగును. ఆ కళాయియు శాశ్వతము కాదు. తోమగా తోమగా అరిగిపోవును. కళాయివాడు మరల రావలెను.

ఆ తగరము 232 సెంటిగ్రేడు డిగ్రీల వేడికి కరగిపోవును. వంటింటికి అది చాలును. కాని వేయి డిగ్రీల వేడిలో, ఏండ్ల తరబడి, రాత్రింబవళ్ళు ఎర్రగా కాలుచుండు లోహపు గొట్టములు నేటి కర్మాగారములలో వేలకు వేలున్నవి. వానిని లోపలి నుండి తినివేయు శత్రువు పులుసు కాదు, కర్బనము, అనగా బొగ్గులోని మూలపదార్థమే. ఆ గొట్టములకు ఏ కళాయి పూయవలెను? ఎవరు పూయవలెను? నేటి ప్రసంగమునకు విషయమిదియే.

కర్బనమును శత్రువనుట ఇనుమునెరిగిన వారికి వింతగా తోచవచ్చును. ఇనుమును ఉక్కుగా మార్చునది కర్బనమే గదా! తెలంగాణములోని కోనసముద్రము గ్రామమున, ఇనుప ముక్కలను మట్టి మూసలలో మూసి గంటల తరబడి కాచి ఉక్కు ముద్దలు చేయుచుండెడివారు. ఇస్పహాను నుండి వర్తకులు వచ్చి వానిని కొనుచుండెడివారు. వాయిసీ అను ఆంగ్లేయుడు అచ్చటి విధానమును కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు ముద్రితమైనది. ఆ ఉక్కులో కర్బనము నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. కత్తికి పదును అచ్చటనే పుట్టినది. ఐతే మన కమ్మరి కర్బనమును తాను కోరినంత, కోరిన వేళ ఇచ్చి, చాలుననుకొనగానే కొలిమి ఆర్పెడివాడు. ఇప్పుడు చెప్పబోవు గొట్టములలో కర్బనము పిలువకయే వచ్చును. చాలుననుట దానికి తెలియదు.

ఇంటిలోని ప్లాస్టికు బిందె, పాల సంచి, విద్యుత్తు తీగపై తొడుగు, వీనిలో పెక్కింటికి మూలము ఇథిలీను అను వాయువు. వడోదరలో 1978 నుండి, హర్యానాలోని పానిపట్టులో 2010 నుండి, ఇంకను దేశమున పలుతావుల దీనిని చేయుచున్నారు. పెట్రోలును పోలిన నాఫ్తా అను తేలిక నూనెను నీటి ఆవిరితో కలిపి, బట్టీలో నిలువుగా వ్రేలాడు గొట్టముల గుండ పంపుదురు. గొట్టము వెలుపల మంటలు. లోపల వాయువు 800 డిగ్రీలు దాటి వేడెక్కును. నూనె అణువులు చిట్లి ఇథిలీనగుటకు అర సెకను కూడ పట్టదు. అంతకు మించి నిలిచినచో చిట్లినవి మరల అతుకుకొని మసియగును. ఎంత త్వరపెట్టినను కొంత మసి కాక మానదు. అది గొట్టపు లోపలి గోడను పట్టి, పొరపై పొరగా పెరిగి, రాయివంటి బొగ్గు పెచ్చుగా గట్టిపడును.

ఆ పెచ్చు వేడిని సులభముగ పోనీయదు. గొట్టపు లోహము మొదట 950 డిగ్రీల వద్ద ఉన్నదనుకొందము. గోడకు పెచ్చు పట్టగానే లోపలి వాయువునకు మునుపటి వేడి అందదు. సరకు తగ్గకుండవలెనన్న మంట పెంచవలెను. మంట పెంచినచో గొట్టము ఇంకను కాలును. గొట్టము కాలిన కొలది లోపల మసి పెరుగును. నెల రెండు నెలలలో గొట్టపు గోడ 1100 డిగ్రీల దరికి చేరును. అప్పుడు నూనెను ఆపి, ఆవిరిని గాలిని పంపి, పట్టిన బొగ్గునంతయు కాల్చివేసి, మరల మొదలిడవలెను. శుద్ధి జరుగు రోజులలో ఆ బట్టీ నుండి చిల్లిగవ్వ రాబడి లేదు. కావున ఇంకొక వారము నడుపుదమా, నేడే ఆపుదమా అను ప్రశ్న ప్రతి బట్టీ వద్దను వచ్చుచుండును. రాత్రి వేళ పనిలోనున్న ఉద్యోగి, చిన్న కిటికీ గుండ ఎర్రని గొట్టములను చూచి, వేడిమాపకమును చూచి ఆ నిర్ణయము చేయవలసియుండును. నాటికి దిగుబడి కనబడును. గొట్టము లోపల జరిగినది మాత్రము సంవత్సరములకు గాని బయటపడదు.

లోపల జరుగునది ఇది. గోడకంటిన బొగ్గు నుండి కర్బన పరమాణువులు లోహములోనికి దూరును. ఈ గొట్టములు మామూలు ఇనుము కాదు. నూటికి 25 పాళ్ళు క్రోమియము, 20 లేక 35 పాళ్ళు నికెలు కలిసిన మిశ్రలోహము. తరువాత వచ్చినవానిలో క్రోమియము 35, నికెలు 45 పాళ్ళ వరకు పెంచిరి. (వానిలో కొద్దిపాటి కర్బనమును, నూటికి 0.4 పాలు, తయారీలోనే బుద్ధిపూర్వకముగా వేయుదురు. వేడిలో లోహము సాగిపోకుండ అది ఎముక వలె నిలుపును. చేటు తెచ్చునది ఆపై వచ్చి చేరునది.) లోనికి వచ్చిన కర్బనము క్రోమియమును పట్టుకొని కార్బైడు అను గట్టి, పెళుసు పదార్థముగా మారును. ఉన్న క్రోమియమంతయు ఆ విధముగ కట్టుబడిపోవుటచే మిగిలిన లోహము క్రోమియము లేని పేదయగును. కర్బనము చేరినమేర గోడ ఉబ్బును. చల్లార్చినప్పుడు ఉబ్బిన లోపలి పొర ఒక తీరున, మార్పు లేని వెలుపలి పొర ఒక తీరున కుంచించుకొనును. ఏ కారణముననైనను బట్టీ హఠాత్తుగా ఆగినచో, అంతవరకు వేయి డిగ్రీలకు ఓర్చిన గొట్టము చల్లబడుటకు ఓర్వలేక నిలువున పగులును.

దీనిని ముందుగా పసికట్టుటకు చక్కని ఉపాయమొకటి ఉన్నది. క్రొత్త గొట్టమునకు అయస్కాంతము అంటుకొనదు. క్రోమియము కార్బైడులలో చిక్కుకొనిపోయిన కొలది, మిగిలిన ఇనుము నికెలుల మిశ్రము అయస్కాంతమునకు లొంగును. బట్టీ ఆపిన రోజులలో పరీక్షకులు అయస్కాంత పరికరమును గొట్టముల వెంట నడిపి, ఏ గొట్టము ఎంత మేర కర్బనమును త్రాగినదో లెక్కకట్టుదురు. పరికరము బలముగ లాగిన గొట్టమునకు కాలము సమీపించినదని అర్థము.

మరి కర్బనమును గోడలో దూరనీయకుండ ఆపునదేది? ఇచ్చట మరల వంటింటికి పోవలెను. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున హారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును పోతపోసెను. నేడు ప్రతి యింట ఉన్న స్టీలు గిన్నె దాని సంతతియే. దానిలోని క్రోమియము గాలిలోని ఆమ్లజనితో కలిసి కంటికి కనబడని సన్నని ఆక్సైడు పొరగా గిన్నెను కప్పియుండును. పీచుతో తోమి గీసినను మరుక్షణమే ఆ గీతపై క్రొత్త పొర ఏర్పడును. ఈ కళాయిని పూయుటకు బయటి నుండి ఎవరును రానక్కరలేదు. లోహమే తన ఒంటి నుండి క్రోమియమును తీసి పూసికొనుచున్నది.

బట్టీ గొట్టములోను ఇదే జరుగవలెను. అచ్చట గాలి లేదు. ఉన్నది నూనె, నీటి ఆవిరి. ఆ వాతావరణమున ఆమ్లజని లేదన్నంత స్వల్పము. ఇనుమునకు గాని నికెలునకు గాని అది అందదు. క్రోమియమునకు ఆమ్లజనిపై గల మక్కువ అంతకంటె ఎంతయో ఎక్కువ గనుక, ఆవిరి నుండి సైతము దానిని లాగికొని, మైక్రానులలో కొలువదగిన మందమున, పచ్చని పొరగా గోడను కప్పును. ఈ పొరకు రెండు గుణములు కలవు. నికెలు, ఇనుము బయట కనబడినచో అవియే మసిని పుట్టించును; కర్బనము వానిపై దారములవలె మొలచి, లోహపు రేణువును కొనయందెత్తుకొని పెరుగును. పొర వానిని కప్పివేయును. రెండవది ఇంకను ముఖ్యము. కర్బనము ఆక్సైడులో కరగదు. జర్మనీలోని డ్యుసెల్డార్ఫున హాన్స్ యూర్గెన్ గ్రాబ్కే మొదలగు శాస్త్రజ్ఞులు కిరణములు విడుచు కర్బనమును గుర్తుగా వాడి, వేయి డిగ్రీల వద్ద ఈ ఆక్సైడులలో అది ఎంత కరగునో వెదకిరి. కొలతకు దొరకునంత కూడ లేకపోయెను. అనగా కర్బనము లోనికి పోయినచో అది పొర గుండ కాదు, పొరలోని పగులు గుండ, రంధ్రము గుండ. గోడ గట్టిదే, భయమంతయు బీటను గురించియే.

ఆ గోడకును ఒక హద్దున్నది. ఏ లోహము ఏ వేడిలో ఆమ్లజనిని ఎంత గట్టిగ పట్టుకొనునో చూపు పటమును ఎల్లింగ్హామ్ అను రసాయన శాస్త్రవేత్త 1944లో ప్రకటించెను. ఆ పటములో లోహపు ఆక్సైడుల గీతలు వేడితోపాటు పైకి పోవును. కర్బనము కార్బన్ మోనాక్సైడుగా మారు గీత క్రిందికి దిగును. ఒకచో అవి కలియును. గొట్టపు గోడపై బొగ్గు నిండుగా అంటియున్నప్పుడు, రమారమి 1050 డిగ్రీలు దాటగనే క్రోమియము ఆక్సైడు నిలువలేదు. కర్బనము దాని ఆమ్లజనిని లాగివేసి క్రోమియమును కార్బైడుగా మార్చును. కాపలావాడే శత్రుపక్షమున చేరినట్లు! నిన్నటివరకు అడ్డుగోడయైనది నేడు తలుపు. ఇంకొక వారము నడుపుదమా అను ప్రశ్నకు ఇందుచేతనే అంత బరువు. 1040 డిగ్రీలకును 1080 డిగ్రీలకును నడుమ, కిటికీ గుండ చూచిన కంటికి రంగులో భేదము కానరాదు.

పొర పోయినను మరల రాదా? వచ్చును. శుద్ధి సమయమున ఆవిరి, గాలి పంపినప్పుడు అది కొంత మరల కట్టుకొనును. కాని ప్రతిమారు లోహము తన క్రోమియమునే ఖర్చుపెట్టవలెను. గోడ దరినున్న క్రోమియము తగ్గిన పిమ్మట, ఇనుము నికెలులు కూడ కలిసిన పెళుసైన, పెచ్చులూడు పొర వచ్చును. అది కాపాడుటకు బదులు మసికి పొదుగుబెట్టును. కావున గొట్టమునకు ఒక నిధి వంటిది ఉన్నది. ప్రతి శుద్ధికి కొంత, ప్రతి అతివేడికి ఎంతయో దానిలోనుండి తరుగుచుండును.

దీనికి మార్గము వెదకినవారు మొదట సిలికానును ఆశ్రయించిరి. నూటికి ఒకటిన్నర, రెండు పాళ్ళ సిలికాను కలిపినచో క్రోమియము పొరకు అడుగున ఇసుకరాయి వంటి సన్నని సిలికా పొర ఏర్పడి రెండవ ద్వారముగ నిలుచును. ఇంకను ఎక్కువ కలుపుదమన్న లోహము వేడిలో బలహీనమగును. గొట్టములను అతుకుట కష్టమగును. అంతటితో ఆ దారి ఆగినది.

ఇంతకంటె మేలైన పొర అల్యూమినియమునది. దీని ప్రతాపము ఇదివరకే తెలిసినదే. విద్యుత్తు పొయ్యిలలోని తీగచుట్టకు 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ నికెలు క్రోమియముల మిశ్రమునకు హక్కు పొందెను. ఆపై స్వీడనులో హాన్స్ ఫాన్ కాంట్సో ఇనుము, క్రోమియము, అల్యూమినియము కలిపి చేసిన తీగ అంతకంటె అధికమైన వేడికి ఓర్చెను. కారణము అల్యూమినా పొర, అనగా కెంపులో నీలములో ఉన్న పదార్థమే. కర్బనము బట్టీ వేడిలో దీనిని కదల్చలేదు. ఇది మిక్కిలి నెమ్మదిగ పెరుగును గనుక లోహపు నిధిని కూడ మితముగనే వాడును. ఇంత మంచిది గదా, ముందే ఏల వాడలేదనవచ్చును. అల్యూమినియము ఎక్కువైనచో గొట్టము పెళుసగును, అతుకు పగులును. నూటికి మూడు నాలుగు పాళ్ళ అల్యూమినియముతో బలము, అతుకు, పొర మూడును పొసగునట్లు పోత గొట్టములు చేయుట ఈ శతాబ్దమున గాని సాధ్యము కాలేదు. జపాను, జర్మనీ పోతశాలలు వానిని బజారున పెట్టినవి.

ఇవి ఖరీదైనవి. ఈ సభలో లెక్కల శాఖలోను, కొనుగోలు శాఖలోను పనిచేయు మిత్రులు పెక్కురు ఉన్నారు; ఇట్టి ఫైలు వారి బల్లపైకి వచ్చినచో, చవకైన గొట్టముండగ ఇదేల అను ప్రశ్న వారు వేయక తప్పదు, వేయవలసినదే. ఆ ప్రశ్నకు సమాధానము గొట్టము ధరలో దొరకదు. రెండు శుద్ధుల నడుమ ఎన్ని దినములు, గొట్టము మార్చుటకు ఎన్ని సంవత్సరములు, ఆపిన దినమునకు నష్టమెంత అను లెక్కలో దొరకును. లక్ష గంటల ఆయువు నుద్దేశించి చేసిన లోహము అందులో సగము కూడ నిలువకపోవుట కర్బనపు బట్టీలలో అరుదు కాదు. ఐనను ప్రతి గొట్టమునకును అల్యూమినియము అక్కరలేదు. 1050 డిగ్రీల హద్దును ఎన్నడును తాకని బట్టీకి పాత క్రోమియమే చాలును. అచ్చట అధిక ధర పెట్టుట దుబారాయే.

పొర ఎంత మంచిదైనను లోహమునంటి ఉండవలెను గదా. వేడిలో లోహము ఎంత వ్యాకోచించునో ఆక్సైడు అందులో సగము కూడ వ్యాకోచింపదు. చల్లారునప్పుడు లోహము కుంచించుకొని పొరను నొక్కును. పొర పెటిలి ఊడును. దీనికి మందు వింతయైనది. 1937లో ఇంగ్లండున ఫైల్ అను లోహవేత్త, సీరియము వంటి అరుదైన మూలకములను అణుమాత్రము కలిపినచో పొర విడువక పట్టుకొనునని చెప్పి హక్కు పొందెను. నూటికి పదవ వంతు పాలు చాలును, కూరలో ఇంగువ వలె. ఈ సీరియము మన భీమునిపట్నము మొదలగు తీరముల మోనజైటు ఇసుకలో కలదు. అలలు ఒడ్డుకు చేర్చు ఆ బరువైన ఇసుకపై మనవారు పెక్కురు తెలియకయే నడచియుందురు.

ఇంతవరకు అతివేడిని గురించి చెప్పబడినది. వేడి తగ్గిన గండము తప్పుననుకొనుట సహజము. ఇచ్చట కథ తిరుగబడును. ఎరువుల కర్మాగారములలో సహజవాయువును ఆవిరితో కలిపి ఉదజనిని తీయుదురు. దానితో నత్రజనిని కలిపి అమ్మోనియా, దాని నుండి యూరియా. తెలంగాణములోని రామగుండమున 1980లో బొగ్గుతో ఆరంభమై 1999లో మూతబడిన కర్మాగారమునకు బదులు, సహజవాయువుతో నడచు క్రొత్తది 2021లో ఉత్పత్తి నారంభించినది. ఇట్టి కర్మాగారములలో వాయువు దాదాపు వేయి డిగ్రీల వేడితో బయటికి వచ్చును; దానిని చల్లార్చి ఆ వేడితో ఆవిరి పుట్టించుదురు. చల్లారు దారిలో 800 నుండి 450 డిగ్రీల వరకు ఒక ప్రమాదకరమైన మేర ఉన్నది. వాయువులోని కార్బన్ మోనాక్సైడు అచ్చట చిట్లి కర్బనమును విడుచును. ఆ వేడిలో లోహములోపలి క్రోమియము కదలుట మందగించును గనుక పొర త్వరగ కట్టుకొనదు. వేయి డిగ్రీల వద్ద తన్ను తాను కప్పుకొనిన లోహమే ఆరువందల డిగ్రీల వద్ద దిగంబరముగ నిలుచును. కర్బనము దానిలో దూరి, కిక్కిరిసి, లోపల బొగ్గుగా పేరుకొని లోహమును పొడిపొడి చేయును. నున్నని గోడపై గుంటలు పడి, గుంటలలో నల్లని ధూళి కనబడును. వ్రేలితో తీసినచో అది బొగ్గు, లోహపు రేణువులు కలిసిన మసి. దీనికి లోహవేత్తలు పెట్టిన పేరు మెటల్ డస్టింగ్, అనగా లోహము దుమ్మగుట.

దీనిని తట్టుకొనుటకు క్రోమియమును 30 పాళ్ళకు చేర్చిన నికెలు మిశ్రములను, కొంత అల్యూమినియము కలిపినవానిని వాడుచున్నారు. వాయువులో చిటికెడు గంధకపు సమ్మేళనము కలుపుటయు ఒక ఉపాయమే; అది లోహపు తలము నంటి కర్బనమునకు చోటీయదు. ఇథిలీను బట్టీలలోను ఇట్లే చేయుదురు. కాని ఎరువుల కర్మాగారములలో అదే గంధకము ముందున్న ఉత్ప్రేరకమును చంపివేయును గనుక అచ్చట ఆ మందు పనికిరాదు. అన్నిటికంటె చవకైన ఉపాయము లోహపు తలమును సానపట్టుట. నునుపుగ పాలిషు పట్టి అద్దమువలె మెరయించుట కాదు. రాపిడితో పైపొరను నలగగొట్టుట. నలగిన లోహములో క్రోమియమునకు దారులు పెక్కేర్పడి, అది త్వరగ పైకి వచ్చి కప్పును. అందముగ కనబడుటకు ఆ తలమును ఆమ్లముతో కడిగి మెరపించినచో నలగిన పొర పోయి, ఆ దారులును దానితోనే పోవును.

ఇందుచేతనే క్రొత్త గొట్టములను అమర్చిన పిమ్మట వెంటనే నూనెను పంపుట వివేకము కాదు. మొదట ఆవిరిని మాత్రము పంపి, మెల్లమెల్లగ వేడి పెంచి, గంటల తరబడి ఆ వేడిలోనే ఉంచుదురు. ఆ గంటలలో బట్టీ నుండి సరకేమియు రాదు. వ్రాతపుస్తకములో రాబడి పద్దు ఖాళీగ ఉండును. లోపల మాత్రము క్రోమియమో, అల్యూమినియమో గోడకు చేరి, ఆవిరి నుండి ఆమ్లజనిని తీసికొని, మొదటి కళాయిని పూయుచుండును. అది పూర్తియైన పిమ్మట నూనె ద్వారము తెరతురు.